ముందు ఆ తలుపు వెయ్యండి, డాక్టరు గారూ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు, ముఖ్యంగా గైనిక్, స్కిన్, జనరల్ మెడిసిన్ ఓపీల్లో కూర్చునే సార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి రిటైరైన హెడ్ నర్సుని. సుఖవ్యాధుల గురించి రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం పేషంట్లకు రాయాలి గానీ డాక్టర్లకు రాయడమేమిటి అని మావాళ్లే అన్నారు. జనానికి అవగాహన లేదట, సిగ్గు మానుకోమని వాళ్లకే చెప్పాలట. జనానికి చెప్పడం ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. పోస్టర్లు, కళాజాత బృందాలు, ర్యాలీలు, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం కొవ్వొత్తులు అన్నీ చూశాం. నేను చూసినంతలో మనిషి సిగ్గుపడుతూనే అయినా ఆసుపత్రి దాకా వస్తాడు. మూత్రంలో చీము పడుతుంటే, గజ్జల్లో బిళ్ల కట్టి నడవలేకపోతుంటే రాక ఏం చేస్తాడు? వచ్చినవాడు రెండోసారి ఎందుకు రావడం లేదన్నదే అసలు సంగతి. దానికి జవాబు మన గదుల్లోనే ఉంది.

ఓపీ చీటీ దగ్గర మొదలుపెడదాం. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "ఏం ప్రాబ్లం?" అని అడుగుతాడు. వెనక లైనంతా వింటుంటుంది. "మూత్రం మంట" అని గొణుగుతాడు మనిషి. చీటీ మీద అదే రాస్తారు. ఏ గదికి పంపాలో తెలియక ఇంకో గదికి పంపుతారు. అక్కడివాళ్లు విషయం విని, "ఇది ఇక్కడ కాదు, సుఖరోగాల గదికి పో" అని వరండా అంతా వినబడేలా చెబుతారు. ప్రభుత్వం ఆ గదులకు సురక్ష క్లినిక్ అని మంచి పేరే పెట్టింది. ఆ పేరు వాడుకలోకి రావాల్సింది మన స్టాఫ్ నోటి నుంచి.

గదిలోకి వచ్చాక ఒకే టేబుల్‌కి అటూ ఇటూ ఇద్దరు డాక్టర్లు, పక్కన హౌస్‌సర్జన్లు, తలుపు దగ్గర తర్వాతి పేషంటు. "ఎన్నాళ్లుగా? బయట తిరుగుతావా? పెళ్లయిందా?" ఇవీ ప్రశ్నలు. మధ్యలో ఉన్న ఆ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పే మొనగాణ్ని నేను చూడలేదు. అందరూ లేదనే అంటారు. ఆ లేదు అనే మాట మీద ఆధారపడి మీరు మందు రాస్తారు. అదే ప్రశ్నను తలుపు వేసి, "నేను అందరినీ అడిగేదే మిమ్మల్నీ అడుగుతున్నా" అని మొదలుపెట్టి అడిగిన డాక్టరమ్మ ఒకావిడ దగ్గర పనిచేశాను. ఆవిడ దగ్గర మనుషులు చెప్పేవారు. ఆవిడ ఓపీ కూడా మీ ఓపీలాగే కిటకిటలాడేది. కాబట్టి టైం లేదంటే నేను పూర్తిగా ఒప్పుకోను.

మందుల విషయానికొస్తే దీనికన్నా తేలికైన జబ్బులు ఎన్ని ఉన్నాయి చెప్పండి. సవాయి (సిఫిలిస్), సెగ (గనేరియా), క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ - ఈ నాలుగూ పూర్తిగా నయమయ్యేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఇవి రోజుకు 10 లక్షలకు పైగా కొత్తగా అంటుకుంటున్నాయి. జలుబంత మామూలు కాదేమో గానీ, ఊరికొకరికి వచ్చే అరుదైన రోగమైతే కాదు. తొలిదశ సవాయికి ఇప్పటికీ ఒక్క బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ చాలు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) రంగురంగుల కిట్లలో మందులు కట్టి ఉచితంగా పంపుతోంది. బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ - ఒక్క పూట మింగితే సరి. ఇంత చవక వైద్యం ఉన్న జబ్బు మీద ఇంత బరువైన మౌనం ఎందుకో నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలం అర్థం కాలేదు.

క్లమీడియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబం మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధన విభాగాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హెపటైటిస్ బి కూడా లైంగికంగా అంటుకునేదే. దానికి మన దేశంలో తొలి టీకా 1997లో హైదరాబాద్‌లో తయారైంది. మందుల దగ్గర మనవాళ్లు గొప్పవాళ్లే, మాట దగ్గరే వెనకబడ్డాం.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం.

రిపోర్టు పాజిటివ్ రాగానే గదిలో ఎవరో ఒకరి నోట వచ్చే ప్రశ్న: "ఎవరి నుంచి వచ్చింది?" ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు లేదని మీకు నేను చెప్పనక్కర్లేదు. సవాయి మొదటి పుండుకు నొప్పి ఉండదు. మందు లేకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఆ తర్వాత ఏ బాధా లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోవచ్చు. హెర్పిస్ అంటుకున్న ఎన్నో ఏళ్లకు మొదటిసారి పొక్కులు కనబడవచ్చు. క్లమీడియా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. పెళ్లికి ముందు వచ్చిందా, తర్వాతా, ఇద్దరిలో ఎవరిది ముందు అనేది ఏ టెస్టూ తేల్చదు.

కానీ ఇంట్లో తేల్చేస్తారు. ఎలాగంటే, కడుపుతో ఉన్నప్పుడు హెచ్ఐవీతోపాటు సవాయి పరీక్ష కూడా చేస్తారు కాబట్టి మొగుడూ పెళ్లాల్లో మొదట రక్తం ఇచ్చేది ఆమె. మొదట పాజిటివ్ వచ్చేదీ ఆమెకే. ముందు బయటపడింది ఆమెది కాబట్టి తెచ్చింది కూడా ఆమే అని అత్తగారు నిర్ణయిస్తుంది. భర్తకు పరీక్షే జరగదు. పుట్టింటికి పంపిన ఆడపిల్లల్ని చూశాను. ఐదో నెలలో, ఏడో నెలలో. వాళ్ల భర్తలు ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు. ఇక్కడ పాపం ఎవరిదో నాకు తెలియదు, ఎవరిదైనా వైద్యానికి దాంతో పని లేదు. ఆ పరీక్ష ఉన్నది పుట్టబోయే బిడ్డను కాపాడటానికి. వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు. అంత మంచి పరీక్షను తల్లి మీద తీర్పు చెప్పే పరీక్షగా మార్చేసింది మన పద్ధతే.

దీన్ని మార్చడం మీ చేతిలో పని. మొదటి చెకప్‌కే "ఇద్దరూ రండి, ఇద్దరికీ రక్తపరీక్ష ఉంటుంది" అని చెప్పండి. బీపీ చూసినంత మామూలుగా చెప్పండి. రిపోర్టు రెండు రోజుల తేడాలో ఇవ్వకుండా ఒకేసారి ఇవ్వండి. ఎవరికి పాజిటివ్ వచ్చినా, "ఇది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. వైద్యం మాత్రం ఇద్దరికీ చేయాలి" అని మీ నోటితో అనండి. నర్సు చెబితే "ఆమెకేం తెలుసు" అంటారు, డాక్టరు గారు చెబితే అత్తగారు కూడా వింటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ముందు ఆమెను ఒంటరిగా లోపలికి పిలిచి, ఇంట్లో చెబితే కొడతారా, వెళ్లగొడతారా అని అడగాలి. అవునంటే తొందరపడకూడదు, కౌన్సెలర్‌ని కలపాలి. వైద్యం ఒకరికే ఇచ్చి పంపితే ఏమవుతుందో మీకు తెలిసిందే. నెల తిరక్కుండానే మళ్లీ అంటుకుని వస్తుంది, "మందు పని చేయలేదు" అని మీ మీదే చెబుతారు.

అన్నిటికీ ఇదే ముద్ర వేయడం కూడా అన్యాయమే. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ప్రతి ఆడమనిషికీ సుఖవ్యాధి లేదు. కాండిడా, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ లాంటివి మొగవాళ్లతో సంబంధమే లేకుండా కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, యాంటీబయోటిక్స్ వాడినవాళ్లకు కాండిడా మరీ మామూలు. టెస్టుకు వీల్లేనిచోట లక్షణాన్ని బట్టి కిట్ ఇవ్వడం తప్పు కాదు, కానీ ఇచ్చేటప్పుడు "మీకు సుఖవ్యాధి ఉంది" అని చీటీ మీద రాసేస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. సవాయికి చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్ష కూడా అంతే. గర్భంలో, లూపస్ లాంటి జబ్బుల్లో, మలేరియా తర్వాత ఉత్తుత్తి పాజిటివ్ రావచ్చని మీరే మాకు పాఠం చెప్పారు. రెండో పరీక్ష చేయకుండా ఇంట్లోవాళ్ల ముందు ఫలితం చదవకండి.

మీ చీటీ మందుల షాపుతో ఆగదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్లో అంటుకునే రూపంలో ఉన్న సుఖవ్యాధి ఇప్పటికీ విడాకులకు ఒక కారణం. అదే సెక్షన్లో కుష్ఠు కూడా ఉండేది. నయమయ్యే జబ్బుకు ఈ శిక్ష ఏమిటని 2019లో పార్లమెంటు దాన్ని తీసేసింది. సుఖవ్యాధి మాత్రం అలాగే ఉండిపోయింది, ఒక్క ఇంజెక్షన్‌తో పోయేది అయినా సరే. దాన్ని తీయాలా వద్దా అనేది లాయర్లు చూసుకుంటారు. నేననేది, మీరు హడావుడిగా రాసిన రెండు ముక్కలు రేపు కోర్టులో ఎగ్జిబిట్ అవుతాయి. అనుమానమైతే అనుమానమనే రాయండి. వైద్యం పూర్తయితే, వైద్యం పూర్తయింది, ఇక అంటుకోదు అని అంత స్పష్టంగానూ రాయండి. ఈ రెండో వాక్యం రాసిన చీటీలు నేను చూసినవి బహు తక్కువ.

గల్ఫ్ వెళ్లేవాళ్ల కష్టం ఇంకోరకం. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, కోనసీమ, కడప వైపు నుంచి వీసా మెడికల్‌కు వెళ్లేవాళ్లకు హెచ్ఐవీ, హెపటైటిస్‌తోపాటు సవాయి పరీక్ష కూడా ఉంటుంది. సవాయికి చేసే టీపీహెచ్ఏ అనే పరీక్ష ఒకసారి పాజిటివ్ అయితే, జబ్బు పూర్తిగా నయమైపోయినా చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. ఎప్పుడో వైద్యం చేయించుకున్న మనిషి "అన్‌ఫిట్" ముద్రతో ఊరికొస్తాడు. ఏజెంటుకు కట్టిన అప్పు అలాగే ఉంటుంది. ఎందుకు అన్‌ఫిట్ అయ్యాడని ఊళ్లో వంద కథలు పుడతాయి. గల్ఫ్ దేశాల నిబంధన మీరు మార్చలేరు. "ఇది పాత మచ్చ, ఇప్పుడు నీకు జబ్బు లేదు, నీ భార్యకు దీనివల్ల భయం లేదు" అని ఆ మనిషిని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు, ఆ పని మీరు చేయగలరు.

మన దగ్గర దొరకని మాట, దొరకని గది ఎక్కడ దొరుకుతాయో మీకు తెలుసు. రైల్లో పోతుంటే గోడల నిండా అవే. "రహస్య వ్యాధులు, శాశ్వత పరిష్కారం." టౌన్లో లాడ్జికి ప్రతి నెలా ఫలానా ఆదివారం వచ్చే డాక్టరు. "వివరములు గోప్యముగా ఉంచబడును." 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం సుఖవ్యాధులు నయం చేస్తామని ఇలా మందులకు ప్రకటనలు ఇవ్వడమే నేరం, జైలుశిక్ష కూడా ఉంది. చట్టం ఉంది, గోడలూ ఉన్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ లాడ్జి డాక్టరు అమ్ముతున్నదేమిటో చూడండి: వేసిన తలుపు. చూర్ణం కోసం కాదు జనం వేలకు వేలు పోసేది, ఆ తలుపు కోసం. దాన్ని మనం ఊరికే ఇవ్వొచ్చు, ఇవ్వడం లేదు.

అక్కడికి పోలేనివాళ్లు మందుల షాపుకు పోతారు. "మూత్రం మంటకు ఏదైనా ఇవ్వన్నా" అంటే సిప్రోఫ్లాక్సాసిన్ రెండు బిళ్లలు చేతిలో పడతాయి. సెగకు ఆ మందు పని చేయడం ఎప్పుడో మానేసింది. మంట కొంచెం తగ్గినట్టుంటుంది, జబ్బు లోపలే ఉంటుంది, భార్యకూ అంటుకుంటుంది. కొన్నేళ్లకు ఆ ఇంటి కోడలికి ట్యూబులు మూసుకుపోయాయని ఫెర్టిలిటీ సెంటర్లో చెబుతారు. గొడ్రాలు అన్న మాట పడేది ఆమె. ఐవీఎఫ్‌కు పొలం అమ్మేది వాళ్ల నాన్న. ఆ రోజు ఓపీలో తలుపు వేసి అడిగిన ఒక్క ప్రశ్న ఈ మొత్తాన్ని ఆపి ఉండేది కదా అని నాకు చాలాసార్లు కడుపు మండేది.

పెనిసిలిన్ గురించి కూడా చెప్పాలి, ఇది మా నర్సుల వైపు మాట. రియాక్షన్ వస్తుందేమోనని బెంజథీన్ ఇవ్వడానికే చాలాచోట్ల భయపడుతున్నారు. "ఇక్కడ వెయ్యం, పెద్దాసుపత్రికి పో" అని చీటీ రాస్తారు. అక్కడికి పోతే మళ్లీ మొదటి నుంచి అవే ప్రశ్నలు, మళ్లీ కొత్త మనుషుల ముందు. సగంమంది దారిలోనే ఆగిపోతారు. టెస్ట్ డోస్, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ ఆంపుల్, అరగంట కూర్చోబెట్టడం - ఇవన్నీ మాకు చేతనైన పనులే. డాక్టరు గారు పక్కన ఉంటానంటే ఏ నర్సూ కాదనదు.

హెచ్ఐవీ విషయంలో చట్టం మీ కన్నా ముందుంది. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పాజిటివ్ అని ఆపరేషన్ చేయననడం, అనుమతి లేకుండా పరీక్ష చేయడం, ఆ సంగతి వేరేవాళ్లకు చెప్పడం, అన్నీ చట్టవిరుద్ధమే. అయినా ఇప్పటికీ కేస్‌షీట్ మీద పెద్ద ఎర్ర అక్షరాలు, మంచానికి ప్రత్యేక గుర్తు, "లాస్ట్ కేసుగా పెట్టుకుందాం" అనే మాట వింటూనే ఉన్నాం. అందరి రక్తాన్నీ ఒకేలా జాగ్రత్తగా చూడాలన్నది మీరే మాకు నేర్పిన నియమం. రోజూ మందు వేసుకుంటూ వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే, లైంగికంగా ఇంకొకరికి అంటుకోదు. ఈ మాట హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్ గోడలు దాటి జనరల్ వార్డుల దాకా రాలేదు. మహారాష్ట్ర తర్వాత దేశంలో ఎక్కువమంది హెచ్ఐవీతో బతుకుతున్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఈ సంగతులు మన డాక్టర్లకే ఇంకా కొత్తగా ఉంటే ఎలా?

పెళ్లికాని పిల్లలు వచ్చినప్పుడు మీలో కొందరు నాన్నలైపోతారు. ఉపన్యాసం మొదలవుతుంది. పద్దెనిమిది నిండనివాళ్లయితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత మీ మీద ఉందని నాకు తెలుసు, అది చిన్న తలనొప్పి కాదు. కనీసం ఆ సంగతి ముందే నెమ్మదిగా చెప్పి, వైద్యం ఆపకుండా చేయండి. పద్దెనిమిది దాటినవాళ్లకు మీ ఉపన్యాసంతో ఏ పనీ లేదు. మొగవాళ్లతో ఉండే మొగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, సెక్స్ వర్కర్లు అయితే మన గది గుమ్మం దగ్గరే మన మొహాలు చదివి వెనక్కి పోతారు.

నిజం దాచి మంచి చేద్దామనుకుంటే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. 2009లో అక్కడ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం పెట్టారు. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు, కానీ అనుమతులు తీసుకున్న తీరును పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆ భయం ఈనాటికీ ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే ఈ హెచ్‌పీవీ టీకా గురించి అడిగితే తల్లులు "పెళ్లికాని పిల్లకు అదెందుకు?" అంటారు. ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఎలా వస్తుందో, సంసారం మొదలవకముందే ఎందుకు వేయాలో తల్లికి విడమర్చి చెప్పండి. మన ఊరి తల్లులు మీరనుకున్నంత అమాయకులు కారు.

నేను అడుగుతున్నవి డబ్బుతో కూడిన పనులు కావు. ఓపీ గదికి ఒక తలుపు, లేకపోతే ఒక కర్టెన్. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ నిధుల్లో అది రాయడానికి సూపరింటెండెంట్ గారి ఒక్క సంతకం చాలు. కౌంటర్లో జబ్బు పేరు అడగడం మానిపించడానికి ఒక సర్క్యులర్. డాక్టర్ల కోసం పెట్టే మీ తర్వాతి శిక్షణ సదస్సు (సీఎంఈ)లో గంటసేపు ఈ విషయం పెట్టి, నర్సులనూ ఫార్మసిస్టులనూ ల్యాబ్ టెక్నీషియన్లనూ కూడా పిలవడం. ఆ గంటలో మందుల డోసులు చెప్పనక్కర్లేదు, అవి అందరికీ వచ్చు. ఒక డాక్టరు పేషంటుగా, ఒకరు డాక్టరుగా కూర్చుని ఆ మొదటి మూడు ప్రశ్నలు అడిగి చూడండి. పేషంటుగా కూర్చున్నవారి వెనక పదిమందిని నిలబెట్టడం మాత్రం మరిచిపోకండి.

ఎవరైనా పిలిస్తే నేను వస్తాను. టీఏ, డీఏ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు